లేని పుట కోసం

గడచిన శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చబోతూ ఉండగా, నా పూర్వ విద్యార్థిని ఒకామె వచ్చింది. తొమ్మిది, పది తరగతులలో నా వద్ద తెలుగు చదువుకున్న పిల్ల. ఇప్పుడు ఒక డిగ్రీ కళాశాలలో కాంట్రాక్టు పద్ధతిపై తెలుగు చెబుతూ, మరొక ప్రక్క పరిశోధన సాగిస్తున్నది. చేతిలో నాలుగు పుటల వ్యాసం, దానితో పాటు ఒక పరిశోధన పత్రిక వారి అంగీకార పత్రం ఉన్నాయి.

"మాస్టారూ, నా వ్యాసం అంతర్జాతీయ పత్రికలో వస్తున్నది. అచ్చుతప్పులేమైనా ఉన్నాయేమో మీరొకసారి చూసిపెట్టాలి. రేపు సాయంత్రానికల్లా పంపించమన్నారు" అన్నది.

నాకు సంతోషమే కలిగింది. కళ్ళజోడు తుడుచుకొని కూర్చున్నాను. తెలుగు భాష అజంత సౌందర్యం గురించిన వ్యాసమది. మొదటి వాక్యమే ఇట్లా ఉన్నది: 15వ శతాబ్దంలో విజయనగరాన్ని దర్శించిన ఇటలీ దేశపు యాత్రికుడు నికోలో కాంటీ, తెలుగు పదాలు అచ్చులతో అంతమవడం గమనించి, మన భాషను తూర్పుదేశపు ఇటాలియన్ అని కొనియాడినాడు. వాక్యం చివర చిన్న అంకె. క్రింద పాదసూచికలో కాంటీ యాత్రా గ్రంథం పేరు, 112వ పుట అని ఉన్నది.

ఈ వాక్యం నాకు క్రొత్త కాదు. ముప్పది నాలుగు సంవత్సరాల ఉద్యోగ జీవితంలో ప్రతి యేటా జూన్ మాసంలో, మొదటి పాఠం మొదలుపెట్టడానికి ముందు, పిల్లలలో భాషాభిమానం కలగాలని నేను చెప్పే మాట ఇదే. ఎన్ని వందల మందికి చెప్పానో లెక్క లేదు. అయితే నేనెన్నడూ పుట సంఖ్య చెప్పలేదు. నాకే తెలియదు. అందుచేత ఎంతో ఆసక్తితో, "ఈ పుస్తకం నీకెక్కడ దొరికిందమ్మా? ఎన్నాళ్ళనుండో చూడాలనుకుంటున్నాను" అని అడిగాను.

ఆ పిల్ల కొంచెం తటపటాయించింది. "పుస్తకం చూడలేదు మాస్టారూ. మాట మీరు తొమ్మిదో తరగతిలో చెప్పిందే. ఆధారం లేకుండా వ్యాసం తీసుకోరు కదా అని ఫోనులో కృత్రిమ మేధను అడిగితే పుస్తకం పేరు, పుట అదే ఇచ్చింది."

అంటే, మూలం నేను. పుట సంఖ్య యంత్రానిది.

ఆ పూట నిద్ర పట్టలేదు. మా మనవడిని బతిమాలి గణనయంత్రం ముందు కూర్చున్నాను. కాంటీ యాత్రా వృత్తాంతం ఆంగ్లానువాదం 1857లో హక్లూయిట్ సొసైటీ వారు ప్రకటించిన 'ఇండియా ఇన్ ది ఫిఫ్టీన్త్ సెంచురీ' అనే సంపుటంలో ఉన్నది. సంపాదకుడు ఆర్. హెచ్. మేజర్. కాంటీ భాగాన్ని లాటిన్ నుండి అనువదించినది జె. వింటర్ జోన్స్. గ్రంథస్వామ్యం ఎప్పుడో తీరిపోయినది కనుక అంతర్జాలంలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ముప్పది నాలుగేళ్ళు నేను చేయని పని ఇరువది నిమిషాలలో అయిపోయింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

ఆ సంపుటంలో నలుగురు యాత్రికులున్నారు. అబ్దుల్ రజాక్, కాంటీ, రష్యా దేశీయుడు నికితిన్, జెనోవా వర్తకుడు శాంతో స్తెఫానో. ఎవరి భాగానికి వారి పుట సంఖ్యలు మళ్ళీ ఒకటి నుండి మొదలవుతాయి. కాంటీ వృత్తాంతం నలభై పుటలలోపే ముగిసిపోతుంది. ఇక 112వ పుట ఎక్కడిది?

నలభై పుటలూ చదివాను. ఒకసారి కాదు, మూడు రాత్రులలో మూడుసార్లు. కాంటీ స్వయంగా వ్రాసిన పుస్తకం కాదది. వెనిస్ ప్రాంతీయుడైన ఆ వర్తకుడు తూర్పుదేశాలు తిరుగుతూ, ప్రాణభీతి వలన మతం మార్చుకోవలసివచ్చి, స్వదేశం చేరిన పిదప నాల్గవ యూజీన్ పోపును ఆశ్రయించి క్షమాపణ వేడినాడు. పోపు వద్ద కార్యదర్శిగా ఉన్న పోజియో బ్రాచియోలినీ అనే పండితుడు అతని చేత కథ చెప్పించుకొని, అదృష్టం ఎంత చంచలమైనదో నిరూపించడానికి తాను లాటిన్‌లో వ్రాసిన గ్రంథంలో నాల్గవ భాగంగా చేర్చినాడు. అంటే కాంటీ మాటలుగా మనం చెప్పుకొనేవి ఒకరు చెప్పగా మరొకరు వ్రాసినవి, ఆ పైన నాలుగు వందల ఏండ్లకు ఇంకొకరు ఆంగ్లం చేసినవి.

విజయనగరం ఉన్నది అందులో. బిజెంగాలియా అన్నాడు. నగరం చుట్టుకొలత అరవై మైళ్ళట. ఆయుధం పట్టగలవారు తొంబది వేల మందట. రాజుగారికి పన్నెండు వేల మంది భార్యలట. పండుగలున్నాయి, దీపాల వరుసలున్నాయి, వీథిలో పోయేవారి మీద కుంకుమపువ్వు నీళ్ళు చల్లుకోవడం ఉన్నది. సహగమనం ఉన్నది. మిరియాలు, అల్లం, దాల్చినచెక్క ఉన్నాయి. తూర్పుదేశపు ఇటాలియన్ మాత్రం లేదు. తెలుగు పదాలు అచ్చులతో అంతమవుతాయనే మాటా లేదు.

ఆలోచించగా మరొక సంగతి తోచింది. ఒక భాష తీయగా ఉన్నదని చెప్పడానికి ఇటాలియన్‌తో పోల్చేది ఎవరు? ఇటాలియన్‌ను బయటనుండి విని మురిసిపోయేవారు. సంగీత నాటకాలు చూసివచ్చిన ఆంగ్లేయులకు సహజమైన పోలిక అది. వెనిస్ వాడు తన ఇంటి భాషనే తీపికి కొలమానంగా చెప్పుకొంటాడా? 19వ శతాబ్దపు ఆంగ్లేయుల రచనలలో ఈ పోలిక కనబడుతుంది కూడా. అక్కడ పుట్టిన మాట ఎవరి చేతిలోనో నాలుగు వందల ఏండ్లు వెనక్కు జరిగి, ఇటలీ వాడి నోట పలికితే మరింత బాగుంటుందని కాబోలు, కాంటీకి అంటగట్టబడింది. నేను దానిని మా గురువుగారి వద్ద విన్నాను. ఆయన ఎవరి వద్ద విన్నారో అడగలేదు. గురువును ఆధారం అడగడమనే ఆలోచనే మా కాలంలో లేదు.

అట్లని మన పూర్వులందరూ ఆధారం లేకుండా వ్రాశారని నేననను. మెదకు సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య వ్రాయబోతూ, మూలంలో లేనిదేదీ వ్రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టినాడు. మా శిక్షణ కాలంలో ఆ శ్లోకపాదాన్ని మాచేత కంఠస్థం చేయించారు. కంఠస్థమే అయింది! సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెరచి చూడండి. ప్రతి ప్రకరణం చివరా ముఖ్యాధారాలు ఇవి అని పట్టిక ఇస్తారు. ఊరికే పేర్లు పేర్చడం కాదు, ఏ గ్రంథం ఎందుకు పనికివచ్చిందో అక్కడక్కడ ఒక మాట చేరుస్తారు. 1949లో, ఏ విశ్వవిద్యాలయమూ అడగకుండానే, ఒక పత్రికా సంపాదకుడు చేసిన పని అది.

మరునాడు ఆ పిల్లకు ఫోను చేసి చెప్పాను. "ఆ వాక్యం తీసేయి తల్లీ. నేనే తప్పు చెప్పాను." ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తీసేస్తాను మాస్టారూ. కానీ వాళ్ళ పరిశీలకులు ఇద్దరు చూసి, అంతా బాగుందన్నారు కదా?" అన్నది.

అప్పటికి గాని నా దృష్టి ఆ పత్రిక వైపు మళ్ళలేదు. వ్యాసం పంపినది సోమవారం. ఇద్దరు పండితులు పరిశీలించి అంగీకరించామని ఉత్తరం వచ్చినది బుధవారం. ఒక్క అక్షరం మార్చమనలేదు. అందులో రెండు చోట్ల సంధి తప్పు ఉన్నది, ఒకచోట పద్యపాదం విరిగిపోయింది. తెలుగు వచ్చిన పరిశీలకుడెవడైనా ఉంటే వాటిమీద వ్రేలు పెట్టకుండా ఉండగలడా? నేనైతే పదవ తరగతి వాని జవాబుపత్రంలో కూడా వదలను.

పత్రిక ముఖచిత్రం మీద మూడు ముద్రలున్నాయి. ఐ.ఎస్.ఎస్.ఎన్. సంఖ్య. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.2. యు.జి.సి. కేర్ జాబితాలో ఆమోదం పొందినది.

ఒక్కొక్కటే పరీక్షించడం మొదలుపెట్టాను. ఐ.ఎస్.ఎస్.ఎన్. అంటే పత్రికలకు ఇచ్చే ఎనిమిది అంకెల గుర్తింపు సంఖ్య. దాని అంతర్జాతీయ కేంద్రం పారిస్‌లో ఉన్నది. ఈ సంఖ్యలో ఒక చమత్కారమున్నది, ఛందస్సు చదువుకున్నవాడికి తప్పక నచ్చుతుంది. మొదటి ఏడు అంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2 చేత హెచ్చించి, వచ్చినవన్నీ కూడి, 11 చేత భాగించాలి. శేషాన్ని 11 నుండి తీసివేస్తే ఎనిమిదవ అంకె రావాలి. తేడా పది వస్తే ఆ స్థానంలో ఎక్స్ అనే రోమను అక్షరం వేస్తారు, శేషమే లేకపోతే సున్న వేస్తారు. లోకప్రసిద్ధమైన 'నేచర్' పత్రిక సంఖ్య 0028-0836. హెచ్చించి కూడితే 82. పదకొండు చేత భాగిస్తే శేషం 5. పదకొండులో అయిదు పోతే 6. సరిగ్గా చివరి అంకె! యతి కుదిరినంత ఆనందం కలిగింది నాకు.

మా పిల్ల తెచ్చిన పత్రిక సంఖ్యను కూడా ఇట్లాగే లెక్కవేశాను. కుదిరింది. అమ్మయ్య అనుకున్నాను. మా మనవడు మాత్రం ఊరుకోక, ఆ సంఖ్యను ఐ.ఎస్.ఎస్.ఎన్. వారి పోర్టల్‌లో వెదికాడు. ఆ సంఖ్య చేపల పెంపకానికి సంబంధించిన మరేదో పత్రికది! పేరు వేరు, ఊరు వేరు. గణాలు కుదిరినంత మాత్రాన పద్యం నన్నయది అయిపోతుందా? ఎవరి సంఖ్యో తెచ్చి ముఖాన అతికించుకున్నారు. ఒకవేళ సంఖ్య నిజంగా వారిదే అయినా, అది పత్రిక ఉన్నదని చెబుతుందే గాని మంచిదని చెప్పదు. రేషను కార్డు ఉన్నంత మాత్రాన మనిషి యోగ్యుడని కాదు కదా.

ఇక ఇంపాక్ట్ ఫ్యాక్టర్. దీని కథ యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికా దేశీయునితో మొదలవుతుంది. ఏ వ్యాసాన్ని ఎవరు ఉటంకించారో తెలిపే సూచికలుండాలని ఆయన 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించి, 1964లో అట్టి సూచికను అచ్చువేసినాడు. ఒక పత్రిక గత రెండు సంవత్సరాలలో ప్రకటించిన వ్యాసాలను ఈ సంవత్సరం ఎందరు ఉటంకించారో లెక్కించి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. ఇప్పుడు క్లారివేట్ సంస్థ ఏటేటా ఆ లెక్క ప్రకటిస్తున్నది. ఆ పట్టికలో మా పిల్ల పత్రిక పేరు లేదు. మరి 7.2 ఎక్కడిది? ఇంచుమించు అదే పేరుతో డబ్బు తీసుకొని అంకెలు అమ్మే దుకాణాలు వెలిశాయి. తెలుగు, సివిల్ ఇంజనీరింగు, పశువైద్యం, అన్నిటి వ్యాసాలూ ఒకే సంచికలో వేసే పత్రికకు అటువంటి అంకె ఒకటి కొనుక్కోవడం కష్టమేమీ కాదు.

నిజమైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అయినా తెలుగువారికి ఏమి ఒరగబెడుతుంది అన్నది వేరే ప్రశ్న. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు స్థాపించగా 1991 వరకు నడిచిన 'భారతి'కి ఏ అంకే లేదు. నన్నెచోడుని కాలం మీద, శాసనాల పాఠాల మీద మన పండితులు ఏండ్ల తరబడి ఒకరినొకరు ఖండించుకున్నారు. ఒకరు వ్రాస్తే, అది తప్పని మరొకరు ఆధారంతో సహా వ్రాసేవారు. పరిశీలన అచ్చయ్యాక బహిరంగంగా జరిగేది, కొన్నిసార్లు మర్యాద మీరి కూడా.

మూడవ ముద్ర యు.జి.సి. కేర్. ఈ జాబితాల కథ కొంచెం చెప్పుకోవాలి. అధ్యాపకుల పదోన్నతికి, నియామకానికి వ్యాసాలను లెక్కపెట్టడం మొదలైన తరువాత వ్యాసాలకు గిరాకీ పెరిగింది, గిరాకీతో పాటే దుకాణాలు. 2017లో యు.జి.సి. ఆమోదిత పత్రికల జాబితా ఒకటి ప్రకటించింది. 2018 మే నెలలో అందులో నుండి 4,305 పత్రికలను తొలగించవలసివచ్చింది. ఆ తరువాత 2019లో కేర్ పేరున క్రొత్త జాబితా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో దానినీ ఆపివేసి, పత్రిక మంచిచెడ్డలు విద్యాసంస్థలే చూసుకోవాలని చెబుతూ, చూడవలసిన అంశాలను సూచించి ఊరుకున్నారు. మా పిల్ల నా వద్దకు వచ్చినది ఆ తరువాతి శ్రావణంలో. అంటే మూతబడిన జాబితాను ముఖాన పెట్టుకొని తిరుగుతున్న పత్రిక అది. చెప్పుకోవద్దూ, కేర్ ఆగిపోయిందని ఆమెకూ తెలియదు, ఆమె కళాశాల వారికీ తెలియదు. వారి దరఖాస్తు ఫారంలో ఆ గడి ఇంకా అట్లాగే ఉన్నది.

ఈ వ్యాపారం మనకొక్కరికే పరిమితమైనది కాదు. కొలరాడోలో గ్రంథాలయాధికారిగా పనిచేసిన జెఫ్రీ బీల్ ఇటువంటివాటికి వేటాడే పత్రికలని పేరు పెట్టి జాబితా నడిపి, 2017 జనవరిలో దానిని తీసివేసినాడు. 2013లో జాన్ బొహానన్ అనే విలేఖరి కావాలనే తప్పులు నింపిన నకిలీ వ్యాసాన్ని 304 పత్రికలకు పంపితే 157 పత్రికలు వేసుకుంటామన్నాయి. 98 మాత్రమే వద్దన్నాయి. మన హైదరాబాదు పేరు కూడా ఈ కథలో రావడం నాకు కష్టంగా ఉన్నా దాచను. అక్కడినుండి నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వ్యాజ్యం వేసింది. పండితుల పరిశీలన జరుగుతున్నదని తప్పుగా చెప్పుకోవడం, రుసుము సంగతి ముందుగా చెప్పకపోవడం మొదలైనవి ఆరోపణలు. 2019లో న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఉత్తరువు ఇచ్చింది.

ఇదంతా తెలుసుకొని ఆ పిల్లను పిలిచి చెప్పాను. ఏడ్చింది. రెండు వేల ఐదు వందల రూపాయలు ముందే కట్టింది. కాంట్రాక్టు జీతం మూడు నెలలకొకసారి చేతికి వచ్చే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. డబ్బు పోతే పోయింది, అసలు చిక్కు వేరు. ఆమె దరఖాస్తు పెట్టుకున్న ఉద్యోగానికి మౌఖిక పరీక్ష నెలన్నరలో ఉన్నది. ప్రకటితమైన వ్యాసానికి అందులో మార్కులున్నాయి. 2022లో యు.జి.సి. పిహెచ్.డి. సమర్పణకు వ్యాస ప్రచురణ తప్పనిసరి అన్న నిబంధన తీసివేసినా, నియామకాల దగ్గర వ్యాసాల లెక్క అట్లాగే ఉన్నది.

"మార్కులు వేసేవాళ్ళు ఇంత లోతుగా చూడరు మాస్టారూ. అందరూ ఇట్లాంటి వాటిలోనే వేయించుకుంటున్నారు. నేనొక్కదాన్ని మానుకుంటే ఎవరికి లాభం?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. పింఛను తీసుకుంటూ కూర్చున్నవాడికి ధర్మం చెప్పడం తేలిక. నిర్ణయం నీదేనన్నాను. రెండు రోజులు ఆలోచించుకొని, వ్యాసం వెనక్కు తీసుకుంటానని వారికి తానే ఉత్తరం వ్రాసింది. ఉపసంహరణకు మరొక మూడు వేలు కట్టాలని జవాబు వచ్చింది! కట్టలేదు. వారం తిరిగేసరికి వ్యాసాన్ని పాత ప్రతితోనే, కాంటీ వాక్యంతో సహా, అంతర్జాలంలో పెట్టేశారు. వ్యాసాంతంలో ఆమె భక్తితో వ్రాసుకున్న కృతజ్ఞతలలో గురువర్యులంటూ నా పేరు ఉన్నది. ముప్పది నాలుగేండ్లు గాలిలో తేలిన నా పొరపాటుకు ఈనాటికి ఒక శాశ్వతమైన చిరునామా ఏర్పడింది.

శాశ్వతమైన చిరునామా అంటే జ్ఞాపకం వచ్చింది. వారు డి.ఓ.ఐ. అని ఒక సంఖ్య కూడా వేశారు. ఇది 2000వ సంవత్సరం నుండి వాడుకలోకి వచ్చిన ఏర్పాటు. పత్రిక చిరునామా మారినా వ్యాసం దొరికేటట్లు ప్రతి వ్యాసానికీ ఒక గుర్తు ఇస్తారు. అది ఎప్పుడూ 10 అనే అంకెతో, చుక్కతో మొదలవుతుంది. ఆ గుర్తును డి.ఓ.ఐ. వారి చోట వ్రాసి చూస్తే నేరుగా వ్యాసం తెరుచుకోవాలి. వారి సంఖ్య వ్రాస్తే ఏదీ తెరుచుకోలేదు. యంత్రాలు కల్పించి ఇచ్చే ఆధారాలను పట్టుకోవడానికి కూడా ఇదే మంచి ఉపాయం. క్రాస్‌రెఫ్ వారి వెదుకులాట పెట్టెలో వ్యాసం పేరు వ్రాస్తే, డి.ఓ.ఐ. ఉన్న వ్యాసమయితే బయటపడుతుంది. తెలుగు వ్యాసాలలో చాలావాటికి అసలు డి.ఓ.ఐ. లేదు కనుక, అక్కడ కనబడకపోయినంత మాత్రాన లేదనుకోరాదు. మన వాటికి ఇప్పటికీ గ్రంథాలయానికి నడవక తప్పదు.

ఆ నెలన్నరా మేమిద్దరం కూర్చొని రెండవ వ్యాసం తయారుచేశాం. (నేను చేసినదేమీ లేదు, ప్రతి వాక్యం దగ్గర "ఎక్కడిది?" అని అడగడమే.) అప్పుడు తెలిసింది, తెలుగులో ఆధారం చెప్పడం ఎంత చిక్కైన పనో. మొదటి చిక్కు పేర్లతోనే. పాశ్చాత్య పద్ధతులలో ఇంటిపేరు ముందుకు తెచ్చి, కామా పెట్టి, తరువాత పేరు వ్రాయమంటారు. మనకు ఇంటిపేరు ముందే ఉన్నది కదా! ఆ సూత్రం గ్రుడ్డిగా పట్టుకొని మావాళ్ళు "సత్యనారాయణ, విశ్వనాథ" అని వ్రాస్తున్నారు. అకారాదిలో విశ్వనాథవారు సకారం క్రింద కూర్చున్నారు. విశ్వనాథ సత్యనారాయణ అని ఉన్నదున్నట్లు వ్రాసి వకారంలో చేర్చడమే సరి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు కూడా ఆయన పేరును ఆ వరుసలోనే నమోదు చేసుకున్నారు. శ్రీశ్రీ గారిని ఏమి చేస్తారు? శ్రీ, శ్రీ అంటారా?

ఆధారాలను క్రమపరచే జొటెరో అనే ఉపకరణం మా మనవడు చూపించాడు. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం వారు 2006లో వదలినది, ఉచితం. పుస్తకం వివరాలు ఒకసారి నింపితే ఏ పద్ధతిలో కావాలంటే ఆ పద్ధతిలో పట్టిక వ్రాసి ఇస్తుంది. అది కూడా మొదట విశ్వనాథవారిని తిరగవేసింది. అయితే పేరును రెండు గడులలో కాక ఒకే గడిలో నింపే వీలున్నది. అట్లా చేస్తే పేరు జోలికి పోదు.

రెండవ చిక్కు మన పుస్తకాలు. భారతాన్ని ఉటంకించేటప్పుడు పర్వం, ఆశ్వాసం, పద్యసంఖ్య చెప్పడం మన సంప్రదాయం, మంచి సంప్రదాయం. పుట సంఖ్య ముద్రణ మారితే మారుతుంది, పద్యసంఖ్య మారదనుకుంటాం. కానీ ఒక ప్రచురణలో వచనాలకూ సంఖ్య వేస్తారు, పాఠపరిష్కర్త ఒక పద్యాన్ని ప్రక్షిప్తమని తీసివేస్తాడు, అంతటితో వరుస జరిగిపోతుంది. కనుక ఎవరి ప్రచురణో కూడా చెప్పాలి. ఇక డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వారు బొమ్మలుగా ఎక్కించిన పుస్తకాలు మనకు కల్పవృక్షమే గాని, వాటి వివరాల పట్టికలో రచయిత పేరు, సంవత్సరం చాలాచోట్ల తప్పు. ముఖపత్రం తెరచి కంటితో చూసి వ్రాసుకోవాలి. ముఖపత్రం చిరిగిపోయి ఉంటే పీఠిక క్రింద సంతకం దగ్గర తేదీ వెదకాలి.

మూడవది, అందరికంటె మనవాళ్ళు నిర్లక్ష్యం చేసినది, అక్షరాలు. ఎన్నో తెలుగు పరిశోధన పత్రికలు అను ఖతులలో అచ్చుకు కూర్చి, ఆ ప్రతినే పి.డి.ఎఫ్.గా ఎక్కించాయి. కంటికి ముత్యాలవలె తెలుగే కనబడుతుంది. అందులోని ఒక వాక్యాన్ని ఎత్తి వేరొకచోట అతికిస్తే, రోమను అక్షరాలు, అరసున్నలు, ఆశ్చర్యార్థకాలు కలిసిన పిచ్చిగీతలు పడతాయి. గూగుల్ స్కాలర్ వంటి వెదికే యంత్రానికి అవే కనబడతాయి. యూనికోడ్‌లో లేని వ్యాసం వ్రాసినవాడు పోయాక ఎవరికీ దొరకదు, ఎవరూ ఉటంకించరు. ఇంకొక విడ్డూరం. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం మించితే చర్య మొదలవుతుంది. పోలిక పట్టే యంత్రం అను ఖతుల వ్యాసాన్ని చదవలేదు కనుక, తెలుగులో పుటలకు పుటలు ఎత్తివ్రాసినవాడు సున్న శాతంతో నిర్దోషిగా బయటపడగలడు. యూనికోడ్‌లో నిజాయితీగా నాలుగు పద్యాలు ఉటంకించినవాడు పట్టుబడతాడు.

మౌఖిక పరీక్షకు ఆమె మొదటి వ్యాసం చూపలేదు. రెండవది అప్పటికి అచ్చు కాలేదు. ఉద్యోగం రాలేదు. వ్యాసం చూపి ఉంటే వచ్చేదా అన్నది నేనెప్పుడూ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఎంపికైనవారి వ్యాసాలు ఎక్కడ అచ్చయ్యాయో చూడాలని ఒకసారి నా చేయి దురదపుట్టింది. మానుకున్నాను.

కార్తికంలో ఒక సాయంత్రం ఫోను చేసింది. రెండవ వ్యాసం పంపిన పత్రిక నుండి జవాబు వచ్చిందట. ఇద్దరు పరిశీలకులలో ఒకరు మూడు పుటల నిండా ఆక్షేపణలు వ్రాశారట. అజంతమనే మాటను రెండర్థాలలో వాడారనీ, ఒక శాసనం తేదీకి ఆధారం చూపలేదనీ, పద్దెనిమిదవ సూచికలో పుట సంఖ్య తప్పనీ. చదువుతూ నవ్వుతున్నది.

"పద్దెనిమిదవది మీరు చూసిందే మాస్టారూ!"

నా దగ్గరున్న పుస్తకం తీసి చూశాను. నేను చూసినది రెండవ ముద్రణ, ఆమె వ్రాసినది మొదటి ముద్రణ సంవత్సరం. పరిశీలకుడిదే ఒప్పు.

నా వద్ద చదువుకున్న ఒక తరగతి వారు వాట్సాప్‌లో ఒక బృందం నడుపుతున్నారు. కాంటీ సంగతి సవివరంగా వ్రాసి, నేను చెప్పినది తప్పని, ఇకమీదట ఎవరూ చెప్పవద్దని అందులో పెట్టాను. ఇరువది మంది చేతులు జోడించిన బొమ్మలు పంపారు. మరునాడు ఉదయం అదే బృందంలో ఒకడు, ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు, తెలుగుతల్లి బొమ్మ మీద కాంటీ వాక్యం ముద్రించిన శుభోదయం పంపించాడు.

ఒక్క పని మిగిలిపోయింది. తూర్పుదేశపు ఇటాలియన్ అన్న మాటను కాంటీకి తెలుగులో మొదట అంటగట్టినది ఎవరో, ఎప్పుడో కనిపెట్టాలి. పాత వాచకాలు, పాఠశాల వ్యాకరణాలు, భారతి సంచికలు ఒక్కొక్కటే తిరగేస్తున్నాను. చదువరులలో ఎవరికైనా తారసపడితే దయచేసి తెలియజేయండి. గ్రంథం పేరుతో పాటు ముద్రణ, సంవత్సరం, పుట సంఖ్య వ్రాయాలి. ముఖపత్రం కంటితో చూసి వ్రాయాలి.